గురువారం రైటరమ్మ

తెల్లారగానే బల్ల తుడుస్తాను.
హార్బరు నుంచి వచ్చిన నల్లపొడి
రాత్రంతా కాగితాల మీద పడుకుని
నాకంటే ముందే ఏదో రాసేసి ఉంటుంది.
వేలితో ఒక గీత గీసి చూస్తాను.
పడుతోంది. చాలు.

కుడి చంకలో గ్రంథులు తీసేశాక
ఈ చెయ్యి నాది కాదు, అరువు చెయ్యి.
మధ్యాహ్నానికి బిగుతు తొడుగు లోపల
తడిసిన గోనెసంచిలా బరువెక్కుతుంది.
సూది గుచ్చొద్దు, బీపీ పట్టీ చుట్టొద్దు,
బకెట్టు ఎత్తొద్దు అని రాసిచ్చారు.
కథలు రాయొద్దని ఎవరూ అనలేదు.
అయినా రెండేళ్ళు రాయలేదు.

పోరాడి గెలిచావన్నారు అందరూ.
నేనేం పోరాడలేదు.
కుర్చీలో కూర్చుని
ఎర్రమందు చుక్కలు లెక్కపెట్టాను,
వాంతి చేసుకున్నాను,
మళ్ళీ బస్సెక్కాను.

ఇప్పుడు గురువారాలు
కేజీహెచ్ డౌన్ ఎక్కుతాను.
డౌన్ అంటారు గానీ నాకది ఎప్పుడూ ఎక్కుడే.
మధ్యలో రెండుసార్లు ఆగి
దూరంగా సముద్రం చూస్తున్నట్టు నటిస్తాను,
ఆయాసం ఎవరికీ తెలియకుండా.

వరండాలో చెక్కబెంచీ, ఆ చివర నాది.
పేరు, ఊరు, తండ్రి లేక భర్త,
జబ్బు ఎన్నాళ్ళ నుంచి.
పాడేరు నుంచి, పలాస నుంచి వచ్చినవాళ్ళకి
ఫారాలు నింపుతాను.
నన్ను రైటరమ్మ అంటారు,
పోలీసుస్టేషన్లో ఉంటాడే, ఆ రైటరు లెక్క.
మూడు పుస్తకాలు అచ్చేసినా
ఇంత నమ్మకంగా ఎవరూ పిలవలేదు.

మొన్న శ్రావణంలో పోలమ్మ వచ్చింది,
మంగమారిపేట నుంచి.
ముప్పై ఏళ్ళు నిప్పువైపు నోట్లో పెట్టుకుని
అడ్డపొగ తాగిన నోరు.
మంగళవారం అంగిలి కోసి తీసేస్తారు.
నా చేతిలో ఫారం పక్కకి తోసేసింది.
"అదెవులైనా రాస్తారు గానీ
నా బాకీలు రాయమ్మా ముందల.
నోరు పోతే మరి అడగనేను గదా."

రాశాను.
చేపలుప్పాడ అచ్చియ్యమ్మ, ఎండు సావిళ్ళు రెండు గంపలు.
మధురవాడ టీకొట్టు సన్నాసి, నూటఎనభై.
ఆటో ఈర్రాజు, కానాగంతలు, నాలుగుసార్లు.
"ఆడివ్వడు. అయినా రాయి."

నా అక్షరాలు వంకరపోయాయి,
కొమ్ము ఒకచోట, దీర్ఘం పక్కింట్లో.
చదువు రాని మనిషి కాగితం అటూ ఇటూ తిప్పి నవ్వింది.
"నా ముగ్గే నయం గదమ్మా."
లేవబోయి మళ్ళీ కూర్చుంది.
"నానివ్వాల్సింది కూడా ఒకటుంది, రాయి.
రైటరమ్మకి అరకిలో ఎండు నెత్తళ్ళు."

ఈ ఏడు నేను రాసినవాటిలో అదే మంచిది.
ఏ పత్రికా వేసుకోదు.

దసరా దాటాక మనవడొచ్చాడు.
కాగితం నాలుగు మడతల్లో, నూనె మరకల్తో.
సన్నాసి మీద గీత కొట్టి ఉంది.
అచ్చియ్యమ్మ మీద సగం గీత.
ఈర్రాజు పక్కన బొగ్గుతో ఓ చేప బొమ్మ,
ఇచ్చాడనో, తిట్టనో, నాకు తెలీలేదు.
"ఎలా ఉంది?"
"మాటాడతాది, ముక్కుతోటి. సగం తెలవదు మాకు.
కోపమొస్తే మాత్తరం అంతా తెలుస్తాది."
నా వరస మీద గీత లేదు.
"నెత్తళ్ళు ఇంకా పడనేదని సెప్పమంది మామ్మ."

ఆ రాత్రి ఎడంచేత్తో కుడి మణికట్టు పట్టుకుని
నాలుగు వాక్యాలు రాశాను.
మూడు కొట్టేశాను.

వచ్చే గురువారం నా పరీక్ష.
ఆర్నెల్లకోసారి అదే బెంచీకి
ఈ చివరికి జరుగుతాను.
ఆ ఒక్కరోజు నా ఫారం నేను నింపుకోలేను,
చెయ్యి వాచి కాదు, వణికి.
నర్సింగు చదివే పిల్లెవరో కలం అందుకుంటుంది.
పేరు చెప్తాను. ఊరు చెప్తాను.
"వృత్తి?" అంటుంది.
డాల్ఫిన్ నోస్ కొండ పక్కన ఓడేదో కూత పెడుతుంది,
వినపడనట్టు ఊరుకుంటాను.
"ఏం రాయమంటారమ్మా?"

రాయి తల్లీ,
ఈవిడకి నెత్తళ్ళు రావాల్సి ఉన్నాయని రాయి.