మూడు నిమిషాలు

ఫోనును చింతగింజల గంజి కుండకు ఆనించి
కొండూరు బుగ్గమ్మ మా క్లాసులకొచ్చింది.
ముందు తెర నిండా ముక్కు,
తర్వాత నర్వ పక్కన రేకుల కొట్టం,
గుంట మగ్గం, నల్ల ఉన్ని, ఒక గొర్రెపిల్ల తోక.

పాలమూరు, వనపర్తి, మక్తల్ నుంచి
ఇరవై రెండు చిన్న చిన్న గడుల్లో పిల్లలు.
క్షేత్ర పరిశోధన, నాలుగో పాఠం.
కూలి ఇద్దరికీ సమానమని
కాలేజీతోటి కొట్లాడి రాయించిన.
"పూట పని పోతది సారూ,
ఉత్తగ ఎట్ల చెప్త?" అన్నదామె.
ఆ మాట నా జీతానికి గూడ వర్తిస్తది.

తస్లీం అడిగింది:
ఒక్క గొంగడికి ఎన్ని గొర్ల ఉన్ని కావాలె?
"ఎంతమంది జుట్టు కోస్తే ఒక సవరమైతదో
నువ్వు చెప్పు, అప్పుడు నేను చెప్త."
మైకులు మూసుకున్న పిల్లల భుజాలు
చప్పుడు లేకుండ ఊగినయ్.

రాసుకున్నది ఆమెకే చదివి వినిపియ్యాలె.
ఆ షరతు ఆమెది, నా సిలబస్‌ల లేదు.
వారానికి కుర్మయ్య గొంతు సవరించుకున్నడు:
"మగ్గం ఎవరు నేర్పారని అడగగా
ఆమె మూడు నిమిషాలు మౌనం వహించారు.
గాఢమైన దుఃఖం."

బుగ్గమ్మ కొంగు నోట్లో కుక్కుకొని నవ్వింది.
"దుఃఖం గాదు బిడ్డా, సిగ్నల్ పోయింది.
నేను గొర్రెపిల్లను ఎల్లగొడ్తుంటి.
ఇంగ చదువు."

"బొంబాయి పనికి పోయిన ఏడు గురించి అడగగా
నెట్‌వర్క్ అంతరాయం.
సమాచారం లేదు."

నాడె ఆమె చేతిలనే ఆగింది.
గంజి కుండ అంచు మీద ఈగ
నడుస్తనే ఉన్నది.
తెర మూలన గీతలు నాలుగూ
నిలబడే ఉన్నయ్.
ఎవ్వరూ "హలో, వినబడ్తుందా" అనలేదు.

కుర్మయ్య ఆ వాక్యం కొట్టేసిండు.
దాని జాగల ఏం రాయాలో
నన్ను అడుగుతడేమో అని భయపడ్డ.
అడగలేదు.
మార్కుల పట్టిక తెరిచి, మళ్ల మూసిన.

ఎంతసేపటికో
మగ్గం చప్పుడు మొదలైంది.
"వచ్చే క్లాసు మాపటికి పెట్టున్రి సారూ,
ఎండ ఉండంగనే గంజి పట్టియ్యాలె."