ఐదో గంట

ఫ్రెజ్నో అవతల పీచ్ పళ్ల షెడ్డు.
పంచింగ్ మిషన్ పక్కన గోడ మీద చట్టం ఉంది,
ఇంగ్లీషులో ఒకసారి, స్పానిష్‌లో ఒకసారి.
యూఫ్రోసీనాది మిష్టెకో భాష.
పదకొండు సీజన్లుగా ఆమెకి ఆ కాగితమంటే
నాలుగు పిన్నులూ ఒక ముద్రా.

మొన్న చేరిన కుర్రాడు ఇసౌరో
పెట్టె మూత దుమ్ములో ఐదు గీతలు గీసి
వాళ్ల మాటల్లోనే చెప్పాడు:
ఐదో గంట నిండకముందే అరగంట నీది.
"ఎవరిచ్చారు?"
"ఎవరో ఇచ్చేదేంటత్తా, నీదే."

ఇవాళ బెల్టు ఆగలేదు.
ఆమె ఆగింది.
చేతులకంటిన నూగు ఏప్రన్‌కి తుడుచుకుని
గోడవారగా కూర్చుని టోర్టియా గుడ్డ విప్పింది.
సూపర్‌వైజరు గడియారం చూశాడు, ఆమెని చూశాడు,
గోడ వైపు మాత్రం చూడలేదు.

మొదటి తునక గొంతు దిగలేదు.
రెండోది దిగింది.
బెల్టు చివర పళ్లు
ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి, మెత్తగా.