వెంట్రుకవాసి

రువీ బజారులో పన్నెండేళ్ళు
బంగారం ఊడ్చాను.
అవును, ఊడ్చాను.
ఆకురాయి కింద రాలిన పొడి,
చాప అల్లికలో, చెప్పుల అడుగున,
చెవి వెనక చెమటలో ఇరుక్కున్న పొడి.
నెలాఖరున జలగడిగి ముద్ద చేస్తే
రెండు గురిగింజల ఎత్తు.
అంతకంటే చిన్న బంగారం ఉండదనుకున్నాను.

ఇప్పుడు అల్ ఖూద్‌లో, కిటికీల్లేని గదిలో
బుథైనా మేడం గాజునాళం ఎత్తి చూపించింది:
"లింబాద్రీ, ఏమిటిది?"
జబల్ అఖ్దర్ దానిమ్మ రసం, అన్నాను.
బంగారమట.
పచ్చని వన్నె వదులుకునేంత చిన్న బంగారం.
గీటురాయి మీద గీత కూడా పడదు.
నాకు పని నేర్పిన మేనమామ చూసుంటే
కాకి బంగారమని పారబోసేవాడు.

అద్దాలు తుడవడం నా పని.
ఊపిరి బిగబట్టి తుడవాలి.
బయట నలభై ఏడు. లోపల ఒక్క డిగ్రీ అటూ ఇటూ అయితే
బల్ల మీద వెలుగు దారి తప్పుతుంది.

ఆ వెలుగు ధారగా రాదు, సుత్తిలా వస్తుంది,
సెకనుకు వెయ్యి దెబ్బలు.
ఒక్కో దెబ్బ ఎంతసేపు? రెప్పపాటా? అన్నాను.
మేడం కాగితం మీద లెక్క వేసింది:
నీ రెప్పపాటును లక్షేళ్ళకు సాగదీస్తే
అందులో ఈ దెబ్బ ఒక్క సెకను.

తగలగానే
లోపల తిరిగే ఎలక్ట్రాన్లు కాగిపోతాయి,
వేల డిగ్రీలు, నా కొలిమి ఎరగని కాక.
వాటిని మోసే ఒళ్ళు
ఇంకా చల్లగానే ఉంటుంది.
దానికి కబురు అందలేదు.

అందాక ఉబ్బుతుంది, తగ్గుతుంది,
మళ్ళీ ఉబ్బుతుంది, కొలిమితిత్తిలా.
వేడంతా చుట్టూ ఉన్న నీళ్ళకి ఇచ్చేసి
ఏమీ జరగనట్టు ఎర్రగా కూర్చుంటుంది.

ఇదంతా ఎవరు చూశారు మేడం?
రెండో వెలుగు, అంది.
మొదటిది కొడుతుంది.
రెండోది సన్నగా వెనకాలే వచ్చి
అడిగి వెళ్తుంది.
ఎంత వెనకాల రావాలో ఒక అద్దం జరిపి తేలుస్తారు.
వెంట్రుకవాసి జరిపితే ఒక జవాబు.
ఇంకో వెంట్రుకవాసికి ఇంకొకటి.
మరీ తొందరగా అడిగితే దానికే తెలియదు.
మరీ ఆలస్యమైతే మరిచిపోయి ఉంటుంది.

కొట్టు మూసేస్తున్నానని పుర్షోత్తం సేఠ్ చెప్పినప్పుడు
సరే అన్నాను.
చేతిలో ఉన్న కడియానికి ఆకురాయి పడుతూనే ఉన్నాను.
అంచు నున్నగా వచ్చింది.
వీసమెత్తు తేడా లేకుండా లెక్క అప్పజెప్పాను.
బాగానే ఉన్నావా, అని అప్పుడే అడిగాడు సేఠ్.
బాగానే ఉన్నాను.
అబద్ధం కాదు.

నాలుగో రోజు, మత్రాలో,
కిలో కవళ్ళు తూయిస్తుంటే
మోకాళ్ళు వాటంతట అవే కూలబడ్డాయి.
చేపలాయన ఏమీ అడగలేదు.
ఐసు కిందనుంచి నీళ్ళసీసా లాగి
నా చేతిలో పెట్టాడు, పక్కవాళ్ళకి తూకం వేస్తూనే.

పొద్దున షిహాబ్‌కి ఇంటినుంచి ఏదో ఫోనొచ్చింది.
విన్నాడు. జేబులో పెట్టుకున్నాడు.
నీలం కళ్ళజోడు తగిలించుకుని
మీటలు తిప్పుతున్నాడు, చెయ్యి వణకడం లేదు.

అద్దం తుడుస్తున్నాను.
ఇంకా అడగలేదు.
వెంట్రుకవాసి,
ఇంకొంచెం.