తవ్వకం

రాత్రి రెండున్నర.
బాలరాట్‌లో జులై చలి,
కిటికీ అద్దాలకి లోపలివైపు కూడా చెమ్మ.
హాల్లో ఎవరో పళ్లు బిగబట్టి
బరువు మోస్తున్న చప్పుడు.

వెళ్లి చూస్తే మనిషి లేడు.
బల్ల కింద కంప్యూటరు, పైన తెర చీకటి,
ఫ్యాను మాత్రం తిరగలిలా తిరుగుతోంది.
గింజ లేదు, పిండి లేదు,
ఎవరింటికి విసురుతున్నట్టు?

దాని నెత్తిమీద బొగ్గు, మా నల్లపిల్లి,
నాలుగు కాళ్లూ మడిచి, వెచ్చగా.
ఈమధ్య నా దుప్పట్లోకి రావడం ఎందుకు మానేసిందో
అప్పుడు తెలిసింది.

నడుస్తున్నవాటి జాబితా తెరిచాను.
తెరిచీ తెరవగానే ఫ్యాను నోరు మూసుకుంది.
నాకు తెలుసు ఈ నిశ్శబ్దం.
పదకొండేళ్లుగా సెబాస్టొపోల్ బస్సు నడుపుతున్నాను,
పైనున్న అద్దంలో నా కళ్లు పడగానే
వెనక సీటు పిల్లలు ఇలాగే చేతులు కట్టుకుంటారు.

జాబితా మూశాను. తిరగలి మొదలు.
తెరిచాను. మౌనవ్రతం.
మూశాను.

మా హిమజ లేచొచ్చింది, దుప్పటి భుజాన వేసుకుని.
పద్నాలుగేళ్ల పిల్ల, నాడి పట్టినట్టు పెట్టె మీద చెయ్యి వేసి
"ఎవరికోసమో నాణేలు తవ్వుతోందమ్మా" అంది.
"మన కరెంటుతో."

నవ్వొచ్చింది నాకు.
ఈ ఊరంతా తవ్విన ఊరే.
నేను రోజూ మలుపు తిప్పే రోడ్ల కింద
బంగారం కోసం తొలిచి వదిలేసిన చీకటి.
వానలప్పుడు ఎవరి పెరట్లోనో ఉన్నట్టుండి గొయ్యి పడితే
చుట్టూ తాడు కట్టి, టీ తాగుతూ మాట్లాడుకుంటారు.
తవ్వడానికి ఇంకేమీ మిగల్లేదనుకున్నాను.
నా బల్ల కింద మిగిలిందన్నమాట.

ఎవడు వాడు? గడ్డముందా?
ఏ దేశంలో, ఏ పూట లేచి లెక్క చూసుకుంటాడు,
హీటరు తగ్గించుకుని నేను మిగిల్చిన డాలర్లని?

"ఎలా వచ్చిందే లోపలికి? తలుపులన్నీ వేసే ఉన్నాయిగా."
హిమజ తేదీ చూపించింది. మార్చి పన్నెండు.
ఇంటి అప్పు కోసం బ్యాంకు అడిగిన పే స్లిప్పులు
ఇరవై ఆరింటినీ ఒక్క కట్టగా కుట్టాలని
ఉచితమన్నదాన్ని దించుకున్న రోజు.
ఆ పేజీలో నాలుగు బొత్తాలు, అందులో మూడు అబద్ధాలు.
తర్వాత, తర్వాత, తర్వాత అని నొక్కుకుంటూ పోయాను,
ఎవరూ నిలబడని స్టాపులు దాటుకుపోయినట్టు.
ఆవగింజంత గడిలో ముందే టిక్కు పెట్టి ఉంది.
"అంగీకరిస్తున్నాను" అన్నది నేనే.

స్లిప్పులు మాత్రం చక్కగా కుట్టింది, ఆ మాట చెప్పుకోవాలి.
అప్పు కూడా వచ్చింది.

దాని పేరు వెతికి పట్టాం.
అసలు సిస్టమ్ ఫైలు పేరే, ఒక్క అక్షరం ఎక్కువ.
మా ఇంటిపేరే చెప్పి, దీర్ఘం తప్పు పలికి,
పెళ్లి పంక్తిలో కూర్చుని
పప్పు మారు అడిగినవాడిలా.

హిమజకి పరీక్షలు. పెకలించే తీరిక దొరికేదాకా
ఆరు రాత్రులు జాబితా తెరిచే ఉంచి పడుకున్నాను.
దొంగ చేతికి తాళాలిచ్చిందీ నేనే,
దీపం పెట్టి కాపలా కాసిందీ నేనే.
గోడ మీద నీలివెలుగు,
ఎవరో జ్వరంతో మేలుకున్న ఇల్లులా.

శనివారం అంతా తుడిచేసింది. పాస్‌వర్డులు మార్చాం.
బ్యాంకువాళ్లు నలభై నిమిషాలు సంగీతం వినిపించి
ఏమీ పోలేదన్నారు.
ఏమీ పోలేదు. కరెంటు బిల్లులో నూట ఎనభై.
ఇంకా, కార్డు కీచుమనగానే
ఎక్కినవాళ్ల ముఖం చూడకుండా
తలూపేసే అలవాటొకటి.

ఆ రాత్రి ఇల్లంతా చల్లటి నిశ్శబ్దం.
బొగ్గు వచ్చి పెట్టె మీదకెక్కింది.
ముందుకాలితో రేకు తడిమింది, దిగింది,
మళ్లీ ఎక్కి తడిమింది.
నావైపు చూసింది,
పొయ్యి ఆర్పిందెవరు అన్నట్టు.

దుప్పటి అంచు ఎత్తి పట్టుకున్నాను.
రాలేదు.