గొలుసు పట్టినోడు

బల్దియాల నా కొలువు చైన్‌మన్.
గొలుసు ఒక కొస నా చేతుల ఉంటది,
రెండో కొస పోయి ఎవరి గోడకో తాకుతది.
ఇరవై ఆరేండ్లు కొలిచిన.
కొలిచింది కాగితం మీద రాసినం,
కాగితాన్ని బీరువాల పెట్టినం,
బీరువాకు తాళమేసి ఊరుకున్నం.
ఊరు ఊరుకోలే.
నాలా మీద స్లాబు, స్లాబు మీద గది,
గది మీద టులెట్ బోర్డు.

ఆ యేడు శ్రావణంల మూడు రోజులు మొగులు తెరిపియ్యలే.
హన్మకొండ దిగువన మా గల్లీ నడుముల దాకా మునిగింది.
యాకమ్మ మిర్చిబండి కింది ఖాళీ సిలిండరు
మెల్లగ తేలుకుంట పోయి
యాకూబ్ సైకిల్ షాపు షట్టరును కొట్టింది,
రాత్రంత కొట్టింది,
ఎవరో తలుపు తియ్యమన్నట్టు.

నీళ్లు తీసినంక కొత్త ప్లానింగ్ మేడం వచ్చింది.
చెప్పులు చేతుల పట్టుకొని బురదల నడిచి
"పాత నక్ష తియ్యి ఐలోనీ" అన్నది.
బట్టకు అతికిచ్చిన నక్ష, నిజాం నాటిది,
విప్పుతుంటె ఎండిన తమలపాకు తీరు పలిగింది.
ఉర్దూ చదవ యాకూబ్ వాళ్ల అబ్బాను పిలిచినం.
అద్దాలు తుడుచుకొని, వేలు పెట్టి చదివిండు:
"నాలా. వెడల్పు ముప్పై గజాలు."
ఆఫీసంత నవ్వినం.
మా గల్లీ నాలాను పిల్లలు దుంకి దాటుతరు.
మేడం నవ్వలే.

మర్నాడు నా చేతుల ఎర్ర రంగు డబ్బ.
నూట పన్నెండు గోడలు.
కార్పొరేటర్ బామ్మర్ది ఫంక్షన్ హాలు కాడ
కుంచె దానంతటదే ఆగింది.
మేడం డబ్బ గుంజుకొని
పెండ్లివాళ్ల పేర్లు రాసే బోర్డు కింద
తనే గీత గీసింది.
చున్నీ నిండ రంగు.

అరవై ఒకటో గోడ నాది.
గీత వంటింట్లకెల్లి పోయింది.
పొయ్యి ఇటు, ఉప్పు డబ్బ అటు.
సరోజన గడపల నిలవడి చూసింది.
"నీ చేత్తోనేనా" అనలే. ఏమనలే.
ఆ రాత్రి కూరల ఉప్పు లేదు.
నేను అడగలే.

అంత మంచే అయిందని చెప్ప.
పైసలు పదిహేడు నెలలకు వచ్చినయి, అవి గూడ సగం.
యాకమ్మకు కాజీపేట అవతల నాలుగో అంతస్తుల ఇల్లిచ్చిన్రు,
మిర్చిబండి మెట్లెక్కదు గద.
దినాం ఆటోల బాండలి ఏసుకొని మళ్ల ఈడికే వస్తది,
వచ్చినప్పుడల్ల నన్ను తిడుతది,
తిట్టి, రెండు మిర్చీలు ఎక్కువేస్తది.
ఇద్దరు కిరాయిదార్లు ఎటు పోయిన్రో
ఏ రికార్డుల లేదు.
కోర్టు స్టేలు పోను దక్కింది ఇరవై రెండు గజాలు.
కట్ట మీద కానుగ మొక్కలు ఇంక మోకాలెత్తే.
వాటి పక్క దారిల
యాకూబ్ కిరాయి సైకిళ్ల మీద ఆడపిల్లలు
పడుకుంట లేచుకుంట నేర్చుకుంటున్నరు.
నైట్ డ్యూటీ నర్సులు లైట్ల కింద
ఫోన్ల మాట్లాడుకుంట, ఎనుకకు తిరిగి చూడకుండ పోతున్నరు.

మొన్న పెద్దపుసాల కార్తెల మళ్ల అదే వాన.
నిద్ర పట్టక టార్చి పట్టుకొని పోయిన.
నీళ్లు వచ్చినయి.
ఎవర్నీ అడ్రసు అడగలే,
వంతెన కింద తల వంచి దిగువ చెరువుకు పోయినయి.
గొలుసుకట్టు చెరువులని బడిల చదివిన,
కాకతీయులు తవ్విచ్చిన్రని పరీక్షల రాసిన,
మార్కులు గూడ పడ్డయి.
ఇన్నేండ్లు గొలుసు పట్టుకొని తిరిగి
తెగిన లింకు మీద చాప పరుచుకొని పన్నది నేనే.

ఎనుక గొడుగు మీద చినుకుల చప్పుడు. సరోజన.
నీళ్ల నడుమకు వేలు చూపి
"ఆడ నా పొయ్యి" అన్నది.
ఇంకొంచెం సేపు చూసి,
"ముప్పైల ఇరవై రెండు పోతె
ఇంక ఎనిమిది గజాలు బాకీ గద" అన్నది.

మేడంకు పోయినేడే ట్రాన్స్‌ఫర్ అయింది.
నక్ష బీరువాల ఉన్నది.
తాళంచెయ్యి నా మొలతాడుకు ఉన్నది.