రెండు సీసాలు, ఒక మేజోడు

ఉన్ని మేజోట్లో చుట్టి తెచ్చాడు తార్మో.
విప్పి, కౌంటరు అద్దం మీద నిలబెట్టాడు
బొటనవేలంత సీసాలు రెండు,
అడుగున ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పొడి.
"ఇవి రెండూ ఒకే సూదిలో ఎక్కించుకోవచ్చా?"

రెల్లు కప్పులు నేసేవాడు.
సారెమా దీవిలో మా వైపు సగం ఇళ్ల నెత్తిన
అతని చేతి రెల్లే.
కుడి భుజం మాత్రం రెండేళ్లుగా
చెవి దాటి పైకి లేవనని మొండికేసింది.

అప్పటికే ముగ్గుర్ని అడిగొచ్చాడట.
బరువులెత్తించే కుర్రాడు రైనో
"రెండూ కలిస్తేనే పని, విడిగా దండగ" అన్నాడు.
గుర్రాల డాక్టరు, ఒక మడమ విరిగిన ఆడగుర్రం కథ చెప్పి
అది మళ్లీ పరిగెత్తిందన్నాడు.
టాలిన్‌లో బావమరిది ఫోనులోనే
ఉదయం ఎంత, రాత్రి ఎంత అని లెక్క కట్టేశాడు.
మూడు నోళ్లు, మూడు లెక్కలు.
ఒక్కడికీ రవ్వంత అనుమానం లేదు.

ముప్పైయొక్క ఏళ్లుగా ఈ కౌంటరు వెనక నేను.
ఏ గుండె మాత్రకు ఏ పండు రసం పడదో
నిద్రలో లేపి అడిగినా చెబుతాను.
కళ్లజోడు పైకి తోసి సీసా తిప్పాను.
చీమ తలకాయంత అక్షరాలు:
పరిశోధనకు మాత్రమే. మనుషులకు వాడరాదు.
"నువ్వు మనిషివే కదా" అన్నాను.
నవ్వలేదు.

ఒక్క రాత్రి గడువడిగాను.
వంటింటి బల్ల మీద, పిల్లి కాళ్ల దగ్గర, చదివాను.
ఎలుకలు. ఎలుకలు. మళ్లీ ఎలుకలు.
తెగిన కండరం అతుక్కున్న ఎలుకలు,
కుంటి కాలు సర్దుకున్న ఎలుకలు.
మనుషుల దగ్గరికొచ్చేసరికి
నాకు దొరికినంతలో, గుప్పెడు మంది.
రెండూ కలిపి ఎక్కించుకున్నవాళ్లను లెక్కించడానికి
వేలు మడవాల్సిన పనే పడలేదు.
అసలు సీసాలో పొడి, పేరులో ఉన్న పొడేనని
సాక్ష్యం ఎవరు?

మర్నాడు చెప్పాను.
"తెలీదు, తార్మో."
తెల్లకోటు వేసుకుని ఆ మాట అనడమంటే
చొక్కా లేకుండా మంచులో నిలబడ్డట్టే.

"పాత రెల్లూ కొత్త రెల్లూ
ఒకే వరసలో ఎందుకు వెయ్యవు?" అడిగాను.
"కురుస్తుంది."
"ఎవరు చెప్పారు?"
"కురిసిన కప్పులు చెప్పాయి. మా నాన్నవి, నావి కూడా."
"వీటికి ఇంకా కురిసిన కప్పులు లేవు.
ఉన్నా, కురిసిందని ఎవరూ రాసిపెట్టలేదు.
కలపొద్దు."

కురెస్సారె ఆస్పత్రిలో భుజాలు చూసే డాక్టరమ్మకి
చీటీ రాసిచ్చాను. సీసాలు కూడా తీసుకెళ్లు,
దాచకు, ఆవిడ తిట్టదు, అన్నాను.
కొంచెం తిడుతుంది నిజానికి.
"తెలిసినవాళ్లు ముగ్గురున్నారు" అన్నాడు
మేజోడు చుట్టుకుంటూ.

ఆ చలికాలం సముద్రపు అంచు గట్టిపడింది.
మంచు మీద రెల్లు కోతలు మొదలయ్యాయి.
కట్టల ట్రాక్టరు వీధిలో పోయినప్పుడల్లా
మాత్రలు లెక్కపెడుతూ తప్పేదాన్ని,
మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టేదాన్ని.
డాక్టరమ్మకి ఒకసారి ఫోను చేశాను.
అలాంటి పేరుగల వాడెవడూ రాలేదంది.

మార్చి ఆఖర్లో వచ్చాడు, బూట్ల నిండా బురద.
దగ్గు బిళ్లలు అడిగాడు. చిల్లర సరిగ్గా ఇచ్చాడు.
తర్వాత జేబులోంచి మేజోడు తీసి పెట్టాడు.
"నీ మాట విన్నాను" అన్నాడు,
బడిలో లెక్క సరిగ్గా చేసిన పిల్లాడిలా.
"కలపలేదు."

తడిమి చూశాను.
లోపల ఒకటే సీసా.

నేను ముడి విప్పుతుండగానే
గాలికని తలుపు పైన వేసిన గడియ
టక్కున తీసిన చప్పుడు.
తలెత్తేసరికి వీధిలో ఉన్నాడు.
ఏ చేత్తో తీశాడో
చూడనేలేదు.