అరంగుళం

అహేరి పాతసామాన్ల దుకాణంల
తూకానికి కొన్నదట మడావి లచ్చుబాయి.
పద్దెనిమిది కిలోల కొక్కెం,
ఏ పికప్ వెనకనో పదహారేండ్లు ట్రాలీ గుంజి
ఆ బండి ముక్కలైనంక మిగిలింది.
తన బండేమో నిరుడు తీసుకున్నది.
రెండిటికీ ముందర అదే కంపెనీ గుర్తు.
"ఇంటిపేరు ఒక్కటే గద, పడదా?" అన్నది.
ఇంటిపేరు ఒక్కటైతే
ఒకరి చెప్పులు ఒకరికి పడతయా?
అనలేదు. పానాలు తీసిన.

సిరొంచ చుట్టూ మిరప చేలు నీళ్లకు నోరు తెరిచినయ్.
ఆమె ఇంజను ట్రాలీ నా షెడ్డు ముందర
ముక్కు నేలకు పెట్టి కూసున్నది,
దాని మీద ఒక కోడి.

బండి కిందికి దూరితే
మొదలు కనబడ్డది బురద,
తర్వాత స్టెప్నీ,
ఆ తర్వాత నా తప్పు.
టేపు పట్టకముందే ఎనిమిది వందలకు ఒప్పుకున్న.

ముందరి బొక్కలు రెండూ కలిసినయ్.
బోల్టు వేలు పెట్టంగనే దిగింది.
వెనకవి అరంగుళం ఎడం.
సబ్బల్‌తో ఎగదోసిన. జాకీ పెట్టిన.
ఈ పని నేర్పిన పోశెట్టి మామను తలుచుకొని
ఒక తిట్టు గూడ తిట్టిన.
ఇనుము వినదు.

"బొక్క జర పెద్దగ చెయ్యి,"
ఖర్రా దవడకు తోసి అన్నది లచ్చుబాయి.
పెద్దగ చేస్తే బోల్టు ఆడుతది.
ఆడే బోల్టు పల్లంల ఊడదు బాయీ,
బరువు మీద ఎత్తెక్కంగ ఊడుతది.
చట్రానికి వెల్డింగు పెడదామంటే
కాగిన ఇనుము తన బలం మరిచిపోతది.
పక్కకు కొత్త బొక్క వేద్దామంటే
లోపల డీజిల్ పైపు,
దాన్ని ఆనుకొని
పాత బండ్లకు లేని వైర్ల జడ.
కొత్త బండికి నరాలెక్కువ.

షెడ్డు వెనక ఒక పలక ఉండె.
వంతెన రాకముందు రేవుల తిరిగిన పంటుది.
"కొయ్యకు, ఎప్పటికన్న పనికొస్తది" అని
మామ పదేండ్లు దాని మీద కూసొనే చాయ తాగిండు.
దాన్ని కోసిన.
ఒక దిక్కు బండి లెక్క, ఇంకో దిక్కు కొక్కెం లెక్క
సుద్దతో గీసుకొని
నాలుగో బొక్క సగమైనంక
కరెంటు పోయింది.
నది అవతల తెలంగాణల దీపాలు వెలుగుతనే ఉన్నయ్.
మిగిలిన సగం చేతి బర్మాతో.
లచ్చుబాయి సెల్లు లైటు పట్టింది,
నా కండ్లల్లకు.

పలక కూసున్నది.
బోల్టులు బిగిసినయ్, కొత్తవి, తలల మీద అంకె ఉన్నవి.
కానీ బండి ఎత్తెక్కువ,
ట్రాలీ మొగులు దిక్కు చూస్తున్నది.
కొక్కెం నాలుకను ఊడదీసి
తలకిందులు చేసి పెట్టిన.
మూడంగుళాలు దిగింది.
అంత సేపు దేనికి ఆలోచించిననో!

ఇగ దీపాల వైర్లు.
కొక్కెం చెంపకు మరాఠీల సుద్దరాత: డావా.
అంటే ఎడమ.
బండి కింద వెల్లకిల పండుకున్నోనికి
ఎవరి ఎడమ?
మునుపటి బండి ఎడమనా, ఆ రాసినోని ఎడమనా?
టేపు చుట్టేసిన.

ఆరువందలు చేతుల పెట్టి
"రెండొందలు మిరప అమ్మినంక" అన్నది.
కోడిని దింపిన.
ట్రాలీ టక్కున ఒక్కసారి మూలిగి
బండి వెంట కదిలింది,
చప్పుడు లేకుంట.

నది తొవ్వ కుడికి తిరగాలె.
మూల మీద ఎడమ దీపం మిణుకుమంటున్నది.
"లచ్చుబాయీ!" అని ఉరికిన.
ఆమెకు వినబడలేదు. అయినా
అద్దంల ఏం చూసిందో ఏమో,
కిటికీల నుంచి గాజుల చెయ్యి కుడికి చాపి
మెల్లగ తిప్పుకున్నది.

వైర్లు మార్చాలె.
రెండొందలకు వచ్చినప్పుడు.